చర తారల చుట్టూ మేసర్లు: పట్టిన రేఖను నమ్మే ముందు

తారల మేసర్లను (తార చుట్టూ ఉన్న వాయువులో అణువులు లేజర్‌లా పెంచి పంపే సన్నని రేడియో రేఖలను) వినాలంటే పెద్ద అబ్జర్వేటరీ ఉండి తీరాలని చాలామంది అనుకుంటారు. కాగితం మీద లెక్క వేస్తే సంగతి వేరుగా ఉంటుంది. 3 మీటర్ల డిష్ తీసుకోండి. సామర్థ్యం 55 శాతం అనుకుంటే, నిజంగా పనిచేసే వైశాల్యం 3.9 చదరపు మీటర్లు. అంటే యాంటెనా దగ్గర 1 కెల్విన్ పెరగాలంటే మూలం దాదాపు 710 జాన్‌స్కీలు (ఫ్లక్స్‌కు, అంటే మనకు అందే రేడియో ప్రకాశానికి కొలమానం) ఉండాలి. సిస్టమ్ ఉష్ణోగ్రత (రిసీవర్, ఆకాశం కలిపే నాయిస్‌ను ఉష్ణోగ్రతగా చెప్పే లెక్క) 60 కెల్విన్ అయితే మొత్తం నాయిస్ 42,600 జాన్‌స్కీలకు సమానం. ఈ సంఖ్య చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు, కానీ లెక్క ఇంకా పూర్తి కాలేదు. హైడ్రాక్సిల్ మేసర్ రేఖ ఉండే 1612 మెగాహెర్ట్జ్ దగ్గర, డాప్లర్ లెక్కలో 1 కి.మీ./సె. వెడల్పున్న ఛానెల్ 5.38 కిలోహెర్ట్జ్. రెండు పోలరైజేషన్లనూ కలిపి, తార మీద 94 సెకన్లు, పక్కనున్న ఖాళీ ఆకాశం మీద 94 సెకన్లు చూస్తే నాయిస్ 60 జాన్‌స్కీలకు దిగుతుంది. 300 జాన్‌స్కీల రేఖ ఐదు సిగ్మాలతో, అంటే నాయిస్‌కు ఐదు రెట్లుగా, లేచి నిలబడుతుంది. వివై కానిస్ మేజోరిస్, ఎన్‌ఎంఎల్ సిగ్ని లాంటి సూపర్‌జెయింట్ల 1612 రేఖలు ఆ వందల జాన్‌స్కీల స్థాయిలోవే. గెయిన్ ఊగిసలాట, ఇంటర్‌ఫియరెన్స్ కలిసి నిమిషాలను గంటలు చేస్తాయి గానీ, పని మాత్రం అసాధ్యం కాదు.

అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. స్క్రీన్ మీద ఒక సన్నని ముల్లు లేస్తుంది. అది తారదా, ఉపగ్రహానిదా, మన రిసీవర్ లోపల పుట్టిందా? తారదే అయితే దాని వేగం ఎంత, ఫ్లక్స్ ఎంత, పోయిన నెల కంటే నిజంగా పెరిగిందా? సున్నితత్వం డబ్బుతో, ఓపికతో వస్తుంది. ఈ ప్రశ్నలకు జవాబు పద్ధతిగా పెట్టుకున్న లెక్కల పుస్తకంతోనే వస్తుంది. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం దాని గురించే.

ఏ అణువు, ఎక్కడ

వయసు మళ్లిన, ఆక్సిజన్ పాలు ఎక్కువగా ఉన్న రెడ్ జెయింట్ చుట్టూ మూడు అణువులు మేసర్లుగా పనిచేస్తాయి. తారకు అతి దగ్గరగా, సుమారు రెండు నుంచి నాలుగు తారా వ్యాసార్ధాల దూరంలో, సిలికాన్ మోనాక్సైడ్. దాని ముఖ్య రేఖలు 43.122 గిగాహెర్ట్జ్ (వి=1; వి అంటే అణువు కంపన స్థాయి), 42.82 గిగాహెర్ట్జ్ (వి=2), 86.243 గిగాహెర్ట్జ్ (వి=1, పై మెట్టు). వి=1 స్థాయిని చేరడానికే దాదాపు 1770 కెల్విన్‌కు సరిపడా శక్తి కావాలి. కాబట్టి ఈ మేసర్ ధూళి ఇంకా గట్టిపడని వేడి ప్రాంతంలోనే ఉండగలదు. ఇంకాస్త బయట, మీరా రకం తారల్లో (మీరా అనే తారలా నెలల తరబడి వెలుగు పెరిగి తగ్గే రెడ్ జెయింట్లలో) పది నుంచి కొన్ని పదుల ఖగోళ ప్రమాణాల (ఒకటి అంటే భూమికీ సూర్యునికీ మధ్య దూరం) దూరంలో, నీటి ఆవిరి: 22.23508 గిగాహెర్ట్జ్. బాగా వెలుపల, వందల నుంచి వేల ఖగోళ ప్రమాణాల దగ్గర, హైడ్రాక్సిల్ 1612.231 మెగాహెర్ట్జ్. హైడ్రాక్సిల్ ప్రధాన రేఖలు 1665.402, 1667.359 మెగాహెర్ట్జ్ సాధారణంగా 1612 కంటే లోపలి నుంచి వస్తాయి.

అందువల్ల తార ఎంపికలోనే సగం ఫలితం తేలిపోతుంది. కార్బన్ తారలో ఆక్సిజన్ దాదాపు అంతా కార్బన్ మోనాక్సైడ్‌లో చిక్కుకుపోయి ఉంటుంది. అక్కడ ఈ మూడింటి కోసం వెతకడం రాత్రిని వృథా చేయడమే. కార్బన్ తారల్లో హైడ్రోజన్ సయనైడ్ మేసర్లు ఉంటాయి, వాటి దారి వేరు. ఎస్ రకం తారలు (కార్బన్, ఆక్సిజన్ దాదాపు సమానంగా ఉన్నవి) మధ్యలో ఉంటాయి; చై సిగ్నిలో సిలికాన్ మోనాక్సైడ్ బాగానే కనిపిస్తుంది. ఎం రకం (ఆక్సిజన్ ఎక్కువున్న) మీరాల్లో ధూళి పొర పలుచగా ఉంటే ముందు సిలికాన్ మోనాక్సైడ్, తర్వాత నీరు, 1665/1667 చూడాలి. కంటికి దాదాపు కనిపించని, పరారుణంలో మాత్రమే వెలిగే దట్టమైన పొర ఉన్న తారల్లో 1612 రాజ్యమేలుతుంది. ఆ రేఖను నడిపించేది ధూళి నుంచి వచ్చే పరారుణ కాంతి కాబట్టి ఇది సహజం.

ఎప్పుడు చూడాలన్నది కూడా ముఖ్యమే. మీరాల్లో సిలికాన్ మోనాక్సైడ్ ప్రకాశం తార వెలుగుతో పాటే ఊగుతుంది, అయితే కంటికి కనిపించే గరిష్ఠ కాంతికి 0.1 నుంచి 0.2 దశ (ఒక పూర్తి చక్రం 1 అనుకుంటే అందులో భాగం) వెనక. పరారుణ గరిష్ఠంతో మాత్రం దాదాపు కలిసి నడుస్తుంది. 332 రోజుల ఆవర్తన కాలమున్న మీరా విషయంలో 0.15 దశ అంటే దాదాపు 50 రోజులు. కాబట్టి తార దృశ్యకాంతిలో మసకబారడం మొదలైన వారాలే ఈ పనికి మంచి కాలం. దశ 0.5 నుంచి 0.7 మధ్య వెతికి 'లేదు' అని రాయడం తొందరపాటు. పాత కేటలాగులో ఉన్న గరిష్ఠ తేదీని పట్టుకుని దశ లెక్కించకండి. మీరాలు గడియారాలు కావు, ఒక్కో చక్రం వారాల తేడాతో ముందూ వెనకా అవుతుంది. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్ దగ్గరున్న తాజా కాంతి వక్రరేఖను చూసి, ఇటీవలి గరిష్ఠం నుంచి లెక్కించండి.

ముందు భాగంలో పోయేది తిరిగి రాదు

1612 కోసం గొలుసు సులభం: ఫీడ్ (డిష్ ఫోకస్ దగ్గర సిగ్నల్ పట్టే భాగం), ఎల్‌ఎన్‌ఏ (తక్కువ నాయిస్ యాంప్లిఫయర్), ఫిల్టర్, ఇంకో యాంప్లిఫయర్, ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో). ఎల్‌ఎన్‌ఏను ఫీడ్‌కే బిగించాలి. మధ్యలో అర డెసిబెల్ నష్టమున్న కేబుల్ పెడితే అది ఒక్కటే దాదాపు 35 కెల్విన్లు కలుపుతుంది. 0.5 డెసిబెల్ నాయిస్ ఫిగర్ ఉన్న మంచి ఎల్‌ఎన్‌ఏ కలిపేది కూడా అంతే. అంటే ఆ కేబుల్ ముక్క ఇంకో ఎల్‌ఎన్‌ఏ నాయిస్‌కు సమానం. హైడ్రోజన్ రేఖ కోసం అమ్మే ఎల్‌ఎన్‌ఏల్లో చాలావాటికి 1420 మెగాహెర్ట్జ్ చుట్టూ ఫిల్టర్ లోపలే ఉంటుంది. వాటిలోంచి 1612 బయటికి రాదు. 'హైడ్రోజన్ రేఖ బ్రహ్మాండంగా వస్తోంది, హైడ్రాక్సిల్ మాత్రం సున్నా' అన్న ఫిర్యాదు ఎక్కడ విన్నా నేను ముందు అడిగేది ఇదే.

ఫిల్టర్ లేకుండా నడిపితే మరో బాధ. గ్లొనాస్ ఉపగ్రహాలు 1602 మెగాహెర్ట్జ్ చుట్టూ ప్రసారం చేస్తాయి, ఇరిడియం 1626 దాకా ఆక్రమించింది. రేడియో ఖగోళానికి కేటాయించిన 1610.6 నుంచి 1613.8 మెగాహెర్ట్జ్ పట్టీ ఆ రెండింటి మధ్య ఇరుక్కుని ఉంది. బలమైన సిగ్నల్ యాంప్లిఫయర్‌ను సంతృప్తం చేస్తే, దాని మిశ్రమ ఉత్పత్తులు (సిగ్నళ్లు ఒకదానితో ఒకటి కలిసి పుట్టించే దొంగ రేఖలు) సరిగ్గా మనకు కావలసిన చోట మొలకెత్తుతాయి. పరీక్ష తేలిక: రెండో యాంప్లిఫయర్ ముందు 3 డెసిబెల్ అటెన్యుయేటర్ పెట్టండి. నిజమైన సిగ్నల్, నాయిస్ నేల రెండూ ఒకే లెక్కలో తగ్గుతాయి. మిశ్రమ ఉత్పత్తి అంతకంటే ఎక్కువగా కూలిపోతుంది.

ఓసిలేటర్ విషయంలో ఒక్క సూత్రం చాలు: పదిలక్షల్లో ఒక వంతు తప్పు 0.3 కి.మీ./సె. తప్పు, ఏ పౌనఃపున్యమైనా సరే. 20 పీపీఎం (పదిలక్షల్లో 20 వంతులు) క్రిస్టల్‌తో పనిచేస్తే మీ వేగం 6 కి.మీ./సె. పక్కకు పోతుంది. మీరా తారల సిలికాన్ మోనాక్సైడ్ రేఖలన్నీ తార వేగానికి అటూ ఇటూ 5 నుంచి 10 కి.మీ./సె. లోపలే ఉంటాయి కాబట్టి ఆ తప్పుతో ఏమీ చెప్పలేం. జీపీఎస్‌కు కట్టిన 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ గానీ, రుబీడియం గానీ పెట్టుకోండి. రిసీవర్‌లోని ప్రతి మెట్టూ, 22 గిగాహెర్ట్జ్ డౌన్‌కన్వర్టర్‌తో సహా, దానికే కట్టి ఉండాలి. కన్వర్టర్‌ను వదిలేసి ఎస్‌డీఆర్‌ను మాత్రం కట్టి 'మాది జీపీఎస్ లాక్' అని రాసుకోవడం తరచూ కనిపించే పొరపాటు.

వేగం

భూమి సూర్యుని చుట్టూ తిరిగే వేగం 30 కి.మీ./సె. క్రాంతివృత్తానికి దగ్గరున్న తార విషయంలో ఈ భాగం సంవత్సరంలో −30 నుంచి +30 వరకు ఊగుతుంది. వేగంగా మారే వారాల్లో రోజుకు అర కి.మీ./సె. తేడా వస్తుంది. మేసర్‌లోని ఒక్కో శిఖరం వెడల్పు కూడా అర నుంచి ఒక కి.మీ./సె. మాత్రమే. కాబట్టి నాలుగు రాత్రుల డేటాను పౌనఃపున్య అక్షం మీద నేరుగా సగటు తీస్తే రేఖ సాగి, చదునై, నాయిస్‌లో కలిసిపోతుంది. ముందు ఒక్కో స్కాన్‌ను ఎల్‌ఎస్‌ఆర్ వేగానికి (సూర్యుని చుట్టుపక్కల తారల సగటు కదలికతో పోల్చిన వేగానికి) మార్చి, ఆ తర్వాతే కలపాలి. భూభ్రమణం కలిపేది గరిష్ఠంగా 0.46 కి.మీ./సె. రాత్రంతా ఒకే తార మీద ఉంటే దాన్ని కూడా వదలకూడదు.

ఎల్‌ఎస్‌ఆర్, సౌరకేంద్ర వేగం వేరువేరు. సూర్యుడు ప్రామాణిక లెక్కలో 20 కి.మీ./సె. కదులుతున్నాడు కాబట్టి, తార దిశను బట్టి ఈ రెండిటికీ 20 దాకా తేడా రావచ్చు. ఆప్టికల్ కేటలాగులు సౌరకేంద్ర వేగం ఇస్తాయి, మేసర్ పట్టికలు ఎల్‌ఎస్‌ఆర్ ఇస్తాయి. పైగా మీరాల ఆప్టికల్ శోషణ రేఖలు కంపించే వాతావరణం నుంచి వస్తాయి, అవి తార అసలు వేగాన్ని సూటిగా చెప్పవు. మీ లెక్క సరిగ్గా ఉందో లేదో చూడటానికి తెలిసిన వాటిని వాడండి: మీరా దాదాపు 46–47, డబ్ల్యూ హైడ్రే 40–41, ఐకే టారి 34, వివై కానిస్ మేజోరిస్ సుమారు 22 కి.మీ./సె., అన్నీ ఎల్‌ఎస్‌ఆర్‌లో.

1665, 1667 రేఖలు 1.957 మెగాహెర్ట్జ్ దూరంలో ఉన్నాయి. ఒకే 4 మెగాహెర్ట్జ్ కిటికీలో రెండూ దొరకడం సౌకర్యమే. కానీ అక్షాన్ని 1667కు సరిచేసినప్పుడు 1665 రేఖ +352 కి.మీ./సె. దగ్గర దెయ్యంలా నిలబడుతుంది. ఎవరైనా 'అతివేగ ప్రవాహం' కనిపించిందంటే ముందు ఆ సంఖ్య అడగండి. సిలికాన్ మోనాక్సైడ్ వి=1, వి=2 రేఖల మధ్య దూరం 300 మెగాహెర్ట్జ్ కాబట్టి 500 మెగాహెర్ట్జ్ వెడల్పున్న బ్యాక్‌ఎండ్‌లో (స్పెక్ట్రమ్ తీసే పరికరంలో) రెండూ ఒకేసారి వస్తాయి. అవకాశం ఉంటే ఎప్పుడూ రెండింటినీ కలిపే తీసుకోండి. ఒకే వేగం దగ్గర రెండూ కనిపించడం కంటే మంచి సాక్ష్యం లేదు.

పరిశీలన

43 గిగాహెర్ట్జ్‌లో 20 మీటర్ల డిష్ ఉందనుకోండి. 45 శాతం సామర్థ్యంతో ఒక కెల్విన్‌కు 19.5 జాన్‌స్కీలు. సిస్టమ్ ఉష్ణోగ్రత 200 కెల్విన్, ఛానెల్ 0.25 కి.మీ./సె. అంటే 36 కిలోహెర్ట్జ్, ఐదు నిమిషాలు ఆన్, ఐదు ఆఫ్: ఒక పోలరైజేషన్‌లో నాయిస్ 1.7 జాన్‌స్కీలు. గరిష్ఠంలో వందల జాన్‌స్కీలకు చేరే డబ్ల్యూ హైడ్రే, ఆర్ లియోనిస్ లాంటివి మొదటి స్కాన్‌లోనే కళ్లకు కొట్టినట్టు కనిపిస్తాయి. కనిపించకపోతే తారను అనుమానించే ముందు పాయింటింగ్‌ను అనుమానించండి. ఈ డిష్ బీమ్ (ఒకేసారి చూసే ఆకాశపు వెడల్పు) దాదాపు 82 ఆర్క్ సెకన్లు. బీమ్‌లో పదో వంతు తప్పితే 3 శాతం నష్టం. మూడో వంతు తప్పితే 27 శాతం. సగం తప్పితే సరిగ్గా సగం. 27 శాతం తగ్గుదలను 'తార మసకబారింది' అని వక్రరేఖలో గీసేయడం చాలా తేలిక.

దీనికి మందు కూడా మేసరే. బలమైన మేసర్ బిందు మూలం, సన్నని రేఖ. కంటిన్యుయమ్ మూలాల్లా (అన్ని పౌనఃపున్యాల్లో పరుచుకుని వెలిగేవాటిలా) వాతావరణ నాయిస్‌కు లొంగదు. తార మీద, నాలుగు దిక్కులా అర బీమ్ దూరంలో, మొత్తం ఐదు చోట్ల ముప్పై సెకన్ల చొప్పున తీసి, రేఖ వైశాల్యాలకు గాసియన్ సరిపెడితే తప్పు ఎంతో వస్తుంది. గంటకు ఒకసారి, సూర్యోదయ సూర్యాస్తమయాల దగ్గర ఇంకా తరచుగా ఇది చేయాలి, ఎందుకంటే అప్పుడు డిష్ నిర్మాణం ఒక వైపు వేడెక్కి వంగుతుంది. గొలుసు మొత్తం పనిచేస్తోందా అని చూడటానికి తారలతో మొదలుపెట్టకండి. 43 గిగాహెర్ట్జ్‌లో ఓరియన్ కేఎల్, 22లో డబ్ల్యూ49ఎన్, 1665లో డబ్ల్యూ3(ఓహెచ్). ఇవి తారలు పుట్టే ప్రాంతాలు, చర తారలు కావు, కానీ బలంగా ఉంటాయి.

క్యాలిబ్రేషన్‌కు గది ఉష్ణోగ్రతలో ఉన్న శోషక పలకను ఫీడ్ ముందు అడ్డం పెట్టి, పలకకూ ఆకాశానికీ మధ్య శక్తి నిష్పత్తి తీస్తారు. పలక 290 కెల్విన్, నిష్పత్తి 2.45 అయితే, 290ని 1.45తో భాగించగా 200 కెల్విన్. వాతావరణ శోషణ సవరణ కూడా ఇందులోనే దాదాపు కలిసిపోతుంది. పలక పెట్టినప్పుడు యాంప్లిఫయర్ నొక్కుకుపోతే నిష్పత్తి తగ్గి, సిస్టమ్ ఉష్ణోగ్రత ఉన్నదానికంటే ఎక్కువగా తేలుతుంది, ఫ్లక్స్ కూడా దానితో పాటే ఉబ్బుతుంది. ఒక డెసిబెల్ అటెన్యుయేటర్ చేర్చి మళ్లీ తీయండి. నిష్పత్తి మారితే నొక్కుకుపోతున్నట్టే.

22 గిగాహెర్ట్జ్‌కు అదనపు శాపం ఒకటుంది. మనం వెతికే రేఖే మన వాతావరణంలోని నీటి ఆవిరి రేఖ. భూమి దగ్గర అది పీడనం వల్ల గిగాహెర్ట్జ్‌ల వెడల్పున పరుచుకుని ఉంటుంది కాబట్టి మేసర్ ముల్లుతో కలిసిపోదు, కానీ వెలుగును మింగుతుంది, నాయిస్‌ను పెంచుతుంది. శిరోబిందువు దగ్గర అపారదర్శకత 0.15 ఉన్న రాత్రి 30 డిగ్రీల ఎత్తులో చూస్తే సిగ్నల్‌ను 1.35తో గుణించాలి (పలకతో క్యాలిబ్రేషన్ చేసి ఉంటే ఈ సవరణ దాదాపు అందులోనే ఉంటుంది). మేఘం దాటుతున్నప్పుడు ఆ సంఖ్య నిమిషాల్లో మారుతుంది. పొడి చలికాలపు రాత్రులు, తార 40 డిగ్రీల పైన ఉన్న వేళ, ఈ రెండూ దాటి బయట పని పెట్టుకోకపోవడమే మేలు.

బేస్‌లైన్ (రేఖ కింద ఉండే నేల) అలలు ఫీడ్‌కూ డిష్‌కూ మధ్య ప్రతిబింబాల వల్ల వస్తాయి. దూరం 7 మీటర్లయితే అల ఆవర్తనం 21.4 మెగాహెర్ట్జ్. ఫోకస్‌ను పావు తరంగదైర్ఘ్యం జరిపి సగం స్కాన్లు తీస్తే, అలలు తలకిందులై సగటులో చాలావరకు రద్దవుతాయి. ఇది చేయకుండా తొమ్మిదో డిగ్రీ పాలినామియల్‌తో చదును చేసేవారున్నారు. అందంగానే కనిపిస్తుంది, కానీ 1612లో రెండు శిఖరాల మధ్య వారధిలా ఉండే బలహీన ఉద్గారాన్ని అది తినేస్తుంది. రేఖకు అటూ ఇటూ 40 కి.మీ./సె. వదిలి, మొదటి లేదా రెండో డిగ్రీతో ఆగండి.

నమ్మకం, పోలరైజేషన్

ముల్లు దొరికింది. లోకల్ ఓసిలేటర్‌ను రెండు మెగాహెర్ట్జ్ జరపండి; ఆకాశ పౌనఃపున్యంలో అది కదలకపోతే రిసీవర్ లోపల పుట్టినది కాదు. డిష్‌ను అర బీమ్ జరపండి, సగానికి తగ్గాలి. రెండు వారాల తర్వాత చూడండి. ఎల్‌ఎస్‌ఆర్‌లో నిలిచి, ఆకాశ పౌనఃపున్యంలో జరిగి ఉండాలి. ఇంటర్‌ఫియరెన్స్ సరిగ్గా దీనికి ఎదురు చేస్తుంది. అది అసలు పౌనఃపున్యంలో పాతుకుని, ఎల్‌ఎస్‌ఆర్‌లో పాకుతుంది. రెండు మూడు ఛానెళ్లకంటే సన్నగా ఉన్న దేన్నీ నేను తారగా ఒప్పుకోను. అందుకే వెతుకులాటలో కూడా ఛానెల్ వెడల్పు 0.2 కి.మీ./సె. మించకుండా పెట్టుకోవడం మంచిది. బలమైన రేఖకు రెండు పక్కలా పళ్లలాంటి అలలు కనిపిస్తే అవి చిన్న మేసర్లు కావు, కిటికీ ఫంక్షన్ లేని ఫోరియర్ మార్పిడి వేసిన నీడలు. హానింగ్ అనే కిటికీ ఫంక్షన్ వేస్తే పోతాయి.

ఎక్కువ మంది పట్టించుకోనిది పోలరైజేషన్ (ధ్రువణం). సిలికాన్ మోనాక్సైడ్ శిఖరాలు పదుల శాతం సరళ ధ్రువణంతో ఉండటం మామూలే. ఆల్ట్-అజిమత్ డిష్ మీద ఒకే సరళ ఫీడ్ ఉంటే, తార ఉదయించి అస్తమించే లోపు ఆకాశం ఫీడ్ ముందు తిరుగుతుంది, శిఖరం పెరిగి తగ్గుతుంది. చూసేవారికి గంటల్లో మారే మేసర్‌లా ఉంటుంది. శిఖరాలు వేర్వేరు కోణాల్లో ధ్రువీకరించి ఉంటాయి కాబట్టి వాటి నిష్పత్తులు కూడా మారతాయి, మోసం ఇంకా నమ్మశక్యంగా తయారవుతుంది. రెండు లంబ ఫీడ్లనూ కూడితే ఇది మాయమవుతుంది. ఒకటే ఉంటే ఎప్పుడూ ఒకే గంట కోణంలో, అంటే తార ఆకాశంలో ఒకే చోట ఉన్నప్పుడు, చూడండి. హైడ్రాక్సిల్‌లో వృత్తాకార ధ్రువణం బలంగా ఉంటుంది. అయస్కాంత క్షేత్రానికి ఆ అణువు గట్టిగా స్పందిస్తుంది, ఎడమ కుడి శిఖరాలు వేర్వేరు వేగాల్లో కనిపించవచ్చు. ఒక్క కుడి ఫీడ్‌తో 1665ను చూసి 'శిఖరం లేదు' అంటే సగం ఆకాశాన్నే చూసినట్టు. రెండింటినీ కూడండి, కానీ విడివిడి ఫైళ్లను చెరపకండి.

కనిపించని రాత్రి కూడా డేటాయే, రాసే పద్ధతి ఉంటే. మూడు సిగ్మా పరిమితి, ఏ ఛానెల్ వెడల్పుకు, ఏ వేగాల మధ్య, ఏ తేదీన, తార ఏ దశలో ఉండగా, ఏ ప్రయోగశాల పౌనఃపున్యం వాడి: ఇవన్నీ ఒకే పంక్తిలో ఉండాలి. చివరిది వింతగా అనిపించవచ్చు. సిలికాన్ మోనాక్సైడ్ రేఖకు వేర్వేరు పట్టికల్లో 50 కిలోహెర్ట్జ్ తేడా ఉన్నా 0.35 కి.మీ./సె. అవుతుంది. నీటి మేసర్ల విషయంలో ఈ పంక్తి మరీ ముఖ్యం. అవి క్రమం లేకుండా ఎగసి, పూర్తిగా మాయమై, మళ్లీ వస్తాయి.

1612 మాత్రం క్రమశిక్షణ గలది. విస్తరిస్తున్న గోళాకార పొరలో మన వైపు ముఖం నీలి శిఖరాన్ని, అవతలి ముఖం ఎర్ర శిఖరాన్ని ఇస్తుంది. రెంటి మధ్య వేగం తార వేగం, వాటి దూరంలో సగం విస్తరణ వేగం. తార పరారుణంలో ఊగినప్పుడు రెండు ముఖాలూ ఊగుతాయి, కానీ అవతలి ముఖం కాంతి పొరను దాటి రావాలి కాబట్టి ఎర్ర శిఖరం ఆలస్యంగా మారుతుంది. ఆలస్యం 20 రోజులైతే పొర వ్యాసం 20 కాంతి రోజులు, అంటే సుమారు 3,460 ఖగోళ ప్రమాణాలు. ఇంటర్‌ఫెరోమీటర్ చిత్రంలో ఆ పొర 2 ఆర్క్ సెకన్లుంటే దూరం 1,730 పార్సెక్‌లు. ఇందుకు కావలసింది ఒకటి రెండు చక్రాల పాటు, రెండు మూడు వారాలకు ఒకసారి, ఒకే క్యాలిబ్రేషన్‌తో తీసిన స్పెక్ట్రాలు. ఇక్కడ రెండు శిఖరాలూ ఒకే స్పెక్ట్రమ్‌లో ఉంటాయి కాబట్టి పాయింటింగ్ తప్పు, గెయిన్ తప్పు రెంటినీ సమానంగా తాకుతుంది. ఎర్ర, నీలి శిఖరాల నిష్పత్తి వాటికి చెడదు. ముందు ఆ నిష్పత్తి వక్రరేఖను గీయండి, ఫ్లక్స్ వక్రరేఖల సంగతి తర్వాత.